పాత ఇల్లు ఉంది, పొలమే లేదు: వర్జీనియాలోని లౌడన్ కౌంటీ ఎలా పెరిగింది?

ఆష్‌బర్న్‌లో బెల్మాంట్ అనే గోల్ఫ్ క్లబ్బు ఉంది. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ వైపు వెళ్ళే ఉంటారు. ఆ క్లబ్బు భవనం 1800 ప్రాంతంలో కట్టిన ఇటుక బంగళా. కట్టించింది లడ్వెల్ లీ. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన రిచర్డ్ హెన్రీ లీకి కొడుకు. ఇల్లు ఇప్పటికీ దర్జాగా నిలబడి ఉంది. ఇంటిని పోషించిన చేలు మాత్రం లేవు. వాటి స్థానంలో గోల్ఫ్ మైదానం, దాని చుట్టూ ఒకే అచ్చులో పోసినట్టు కొత్త ఇళ్ళు.

అక్కడి నుంచి కారులో వాయవ్యంగా అరగంట వెళ్తే వాటర్‌ఫర్డ్ వస్తుంది. అదీ పద్దెనిమిదో శతాబ్దపు ఊరే. అక్కడ పాత ఇళ్ళ వరస వెనకే పచ్చిక బీళ్ళు మొదలవుతాయి. ఊరు ఎక్కడ ఆగిందో, పొలం ఎక్కడ మొదలైందో కంటికి కనిపిస్తుంది.

రెండూ ఒకే కౌంటీలో ఉన్నాయి. రెండింటికీ చారిత్రక గుర్తింపు ఉంది. మరి ఒకచోట ఇల్లు మాత్రమే ఎందుకు మిగిలింది, ఇంకోచోట ఊరూ పొలమూ కలిసి ఎలా మిగిలాయి? డేటా సెంటర్లు, హైటెన్షన్ లైన్లు, కొత్త కాలనీల గురించి లౌడన్‌లో గొడవ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు "అది హిస్టారిక్ ప్రాపర్టీ కదా, ముట్టుకోకూడదు కదా" అంటారు. ఆ మాటలో ఎంత నిజం ఉందో తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

కౌంటీ, టౌన్, ఉత్త పేరు: ఏది ఊరు, ఏది కాదు

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోవచ్చు, ఒక పెద్ద తేడాతో. అక్కడ కలెక్టర్ ఉండరు. జనం ఎన్నుకున్న తొమ్మిదిమంది సూపర్‌వైజర్ల బోర్డే ఆస్తి పన్ను రేటు నిర్ణయిస్తుంది, బళ్ళకు డబ్బిస్తుంది, ఏ భూమిలో ఏం కట్టవచ్చో కూడా చెబుతుంది. ఈ చివరి అధికారాన్నే జోనింగ్ అంటారు.

లౌడన్ కౌంటీ 1757లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నుంచి విడిపోయింది. సుమారు 520 చదరపు మైళ్ళు. అందులో చట్టం దృష్టిలో టౌన్లు ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, లవెట్స్‌విల్, హామిల్టన్, రౌండ్ హిల్, హిల్స్‌బరో. వీటికి సొంత కౌన్సిల్, సొంత హద్దులు ఉంటాయి. పెద్ద జనాభా ఉన్న ఆష్‌బర్న్, స్టెర్లింగ్, సౌత్ రైడింగ్ మాత్రం టౌన్లు కావు. పోస్టాఫీసుకూ జనగణనకూ అవి పేర్లు, అంతే. మేయర్ ఉండడు. వాటర్‌ఫర్డ్‌కూ లేడు. కాబట్టి వాటర్‌ఫర్డ్ పక్కన ఏం రావాలన్నా, ఆష్‌బర్న్‌లో ఏం పోవాలన్నా నిర్ణయం లీస్‌బర్గ్‌లో కూర్చునే ఆ తొమ్మిదిమందిదే. వాళ్ళకైనా చేతులు పూర్తిగా స్వేచ్ఛగా ఉండవు. రాష్ట్ర శాసనసభ స్పష్టంగా ఇచ్చిన అధికారాలే తప్ప కొత్తవి స్థానిక ప్రభుత్వాలు సొంతంగా తీసుకోకూడదన్నది వర్జీనియా నియమం. "కౌంటీ గట్టిగా ఆపవచ్చుగా" అని అడిగేవాళ్ళు మరిచిపోయేది ఇదే.

నూట అరవై ఏళ్ళు కదలని జనాభా

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది జనాభా లెక్క. 1800లో లౌడన్ జనాభా 20,523. 1860లో 21,774. 1930లో 19,852, అంటే నూటముప్పై ఏళ్ళ కిందటికన్నా తక్కువ. 1960లో 24,549. నూట అరవై ఏళ్ళలో పెరిగింది నాలుగువేల మంది.

అక్కడి నుంచి చూడండి. 1990లో 86,129. 2000లో 1,69,599. 2010లో 3,12,311. 2020లో 4,20,959. 2000 నుంచి 2010 దాకా ఒక్క పదేళ్ళలో చేరినవాళ్ళే 1,42,712 మంది.

ఇన్ని పాత ఇళ్ళు ఎందుకు మిగిలాయన్న ప్రశ్నకు సగం జవాబు ఈ అంకెల్లోనే ఉంది. ఊరు పెరుగుతున్నప్పుడు పాత ఇంటిని పడగొట్టి పెద్దది కట్టుకుంటారు. పెరగనప్పుడు ఉన్న ఇంటికే ఒక గది కలుపుకుని సర్దుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో లౌడన్ రైతు కుటుంబాల పిల్లలు ఒహాయోకీ ఇంకా పడమటికీ వలస పోయారు. ఉన్నవాళ్ళకు కొత్త ఇల్లు కట్టాల్సిన అవసరమూ రాలేదు, అంత డబ్బూ లేదు. ఈ రోజు పర్యాటకులు ఫొటోలు తీసుకునే రాతి ఇళ్ళలో చాలా భాగం అలా మిగిలినవే. వాటిని కాపాడాలని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

వాటర్‌ఫర్డ్ దీనికి మంచి ఉదాహరణ. 1733 ప్రాంతంలో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఏమస్ జానీ అనే క్వేకర్ శాఖ క్రైస్తవుడితో మొదలైన మిల్లు ఊరు అది. కొన్నాళ్ళు బాగా నడిచింది. తర్వాత రైలు వచ్చింది, కానీ ఆ ఊరికి కాదు. 1860లో లీస్‌బర్గ్ చేరిన రైలు, అంతర్యుద్ధం (1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) తర్వాత హామిల్టన్, పర్సెల్‌విల్ మీదుగా ముందుకు పోయింది. పర్సెల్‌విల్ బజారు ఊరుగా ఎదిగింది. వాటర్‌ఫర్డ్ ఉన్నచోటే ఉండిపోయింది. ఊరిని నిలబెట్టాలన్న పట్టుదలతో వాటర్‌ఫర్డ్ ఫౌండేషన్ పుట్టింది 1943లో. ఈలోగా ఊరిని కాపాడింది రైలు రాకపోవడమే.

ముగ్గురు వలసదారులు, మూడు రకాల ఇళ్ళు

లౌడన్‌లో పాత ఇల్లు అంటే ఒకే రకం కాదు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో గోడ చూసి కొంతవరకు చెప్పవచ్చు.

1730ల నుంచి క్వేకర్లు, జర్మన్లు పెన్సిల్వేనియా వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి వచ్చారు. క్వేకర్లు యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ. బానిసత్వాన్నీ తమ సభ్యులకు నిషేధించుకున్నారు. వాటర్‌ఫర్డ్, గూస్ క్రీక్ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. గూస్ క్రీక్ ఊరికే అంతర్యుద్ధం అయ్యాక లింకన్ అని పేరు పెట్టుకున్నారు. బానిసత్వం పక్షాన పోరాడి ఓడిపోయిన రాష్ట్రంలో, ఆ పేరు పెట్టుకోవడానికి ఎంత తెగువ కావాలో ఊహించండి. జర్మన్లు ఇంకా ఉత్తరాన, ఇప్పటి లవెట్స్‌విల్ చుట్టూ దిగారు. వీళ్ళిద్దరివీ సొంతంగా సాగు చేసుకునే మధ్యరకం కమతాలు. ఇళ్ళు దుంగలతోనో, పొలంలో దొరికిన రాయితోనో కట్టుకున్నారు.

మూడో వర్గం తూర్పు నుంచి, సముద్రతీరం నుంచి వచ్చిన పొగాకు దొరలు. వాళ్ళవి వేల ఎకరాల ఎస్టేట్లు, ఇటుక బంగళాలు, బానిసల చాకిరీ. జార్జ్ కార్టర్ కట్టిన ఓట్‌లాండ్స్ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. 1798లో అతనికి వారసత్వంగా 3,400 ఎకరాలకు పైగా వచ్చాయి. 1804లో ఇల్లు మొదలుపెట్టాడు. ఇతని తండ్రి మూడో రాబర్ట్ కార్టర్ 1791లో దానపత్రం రాసి 450 మందికి పైగా బానిసలకు విముక్తి ఇచ్చినవాడు. కొడుకు దారి వేరు. 1860 నాటికి ఓట్‌లాండ్స్‌లో 133 మంది బానిసలున్నారు. కౌంటీలో మరే ఎస్టేటులోనూ అంతమంది లేరు.

ఈ మూడు వర్గాల మధ్య తేడా గోడల దగ్గరే ఆగలేదు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన నిలిచిన ఈ రాష్ట్రంలోనే వాటర్‌ఫర్డ్, లవెట్స్‌విల్ కుర్రాళ్ళు లౌడన్ రేంజర్స్ పేరుతో ఉత్తరాది వైపు పోరాడారు. అయినా 1864 నవంబరు చివర్లో ఉత్తరాది అశ్వికదళం ఈ లోయలోకి వచ్చి దక్షిణాది గెరిల్లాలకు తిండి దొరక్కుండా చేయాలని గడ్డివాములు, మిల్లులు, పశువుల కొట్టాలు తగలబెట్టినప్పుడు క్వేకర్ల కొట్టాలూ కాలిపోయాయి. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో ఒక మినహాయింపు మాత్రం ఉంది: నివాసాలను కాల్చవద్దని. అందుకే ఈ ప్రాంతంలో ఒక వింత కనిపిస్తుంది. 1790ల నాటి ఇంటి పక్కన 1860ల తర్వాతి కొట్టం ఉంటుంది. ఇల్లు తాత వయసుది, కొట్టం మనవడి వయసుది.

మిగలని ఇళ్ళ సంగతి

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ రోజు నిలబడి ఉన్న ఇళ్ళను చూసి అప్పటి జనం అంతా ఇలాగే బతికారనుకుంటే పొరపాటు. 1860లో లౌడన్‌లోని 21,774 మందిలో 5,501 మంది బానిసలు, 1,252 మంది స్వేచ్ఛ ఉన్న నల్లవారు. నలుగురిలో ఒకరు బానిస. వాళ్ళుండే చెక్క గుడిసెల్లో దాదాపు ఏవీ లేవు. డల్లెస్ విమానాశ్రయానికి దగ్గర్లో, ఆర్కోలాలో, రాతితో కట్టిన ఒక బానిసల నివాసం నిలిచింది. రెండు కుటుంబాలకు మధ్యగోడతో కట్టిన ఆ చిన్న భవనం కౌంటీ ఆస్తి, చారిత్రక స్థలాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో కూడా ఉంది. అది మిగలడానికి కారణం రాయి. చెక్కతో కట్టి ఉంటే అదీ ఉండేది కాదు.

విముక్తి తర్వాత నల్లవారు తమ సొంత ఊళ్ళు కట్టుకున్నారు. ఓట్‌లాండ్స్ నుంచి బయటపడ్డవాళ్ళు పక్కనే గ్లీడ్స్‌విల్ కట్టుకున్నారు. మిడిల్‌బర్గ్ వైపు విలిస్‌విల్, సెయింట్ లూయిస్, హోవర్డ్స్‌విల్ లాంటివి వచ్చాయి. ఎకరమో రెండెకరాలో స్థలం, చిన్న చెక్క ఇల్లు, ఒక చర్చి, వీలైతే ఒక బడి. ఆష్‌బర్న్‌లోనే 1892లో కట్టిన ఒంటిగది నల్లపిల్లల బడి ఉంది. 2016లో కొందరు టీనేజర్లు దాని గోడల మీద జాత్యహంకార రాతలు రాశాకే ఆ బడి ఒకటుందని చుట్టుపక్కల చాలామందికి తెలిసింది.

ఈ ఊళ్ళకు వచ్చిన ఇబ్బంది వేరు. స్థలాలు వీలునామా లేకుండా తరాలు మారాయి. పదిమంది, ఇరవైమంది వారసులకు ఉమ్మడి హక్కు. అందులో ఒక్కరి వాటా బయటివాళ్ళు కొన్నా, పంపకం కుదరదంటూ మొత్తం స్థలాన్ని కోర్టు ద్వారా అమ్మించే వీలుండేది. దక్షిణాది రాష్ట్రాలన్నిటిలో నల్లవారి భూమి ఇలా చేజారింది. వర్జీనియా 2020లో చట్టం మార్చి, మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే అవకాశం ఇచ్చింది. విల్లర్డ్ అనే ఊరికి ఆ అవకాశమూ లేదు. 1958లో డల్లెస్ విమానాశ్రయం కోసం ప్రభుత్వం ఆ స్థలమంతా తీసుకుంది. ఆ ఊరు ఉన్నచోట ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి.

ఇంటి వయసు ఎలా చెబుతారు?

గుమ్మం మీద "1780 ప్రాంతం" అని పలక కనిపిస్తే అది ఎలా తేల్చారన్న అనుమానం సహజం. అమ్మకందారు చెప్పే సంవత్సరానికీ ఇల్లు చెప్పే సంవత్సరానికీ తరచూ పొంతన ఉండదు.

మేకు మొదటి సాక్షి. కమ్మరి సుత్తితో కొట్టిన మేకులుంటే పద్దెనిమిదో శతాబ్దం అనుకోవచ్చు. యంత్రంతో కోసిన చదరపు మేకులు 1790ల నుంచి దాదాపు 1880ల దాకా నడిచాయి. మనం చూసే గుండ్రటి తీగ మేకులు 1890 తర్వాతివి. దూలం మీద రంపపు గీతలు రెండో సాక్షి. గీతలు నిటారుగా ఉంటే చేత్తోనో, నీటి మిల్లులో పైకీ కిందికీ ఆడే రంపంతోనో కోశారు. వంపుగా ఉంటే గుండ్రటి రంపం, అంటే 1830లు, 1840ల తర్వాత. ఇంకా కచ్చితంగా కావాలంటే దూలంలో సన్నటి రంధ్రం చేసి, చెట్టు వార్షిక వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్టును ఏ ఏడాది నరికారో చెబుతారు.

చిక్కేమిటంటే పాత మేకులు, పాత దూలాలు మళ్ళీ వాడేవాళ్ళు. ఇల్లు ఒకేసారి కట్టిందీ కాదు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. 1760లలో కౌలుకు తీసుకున్నవాడు పదహారు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున దుంగల ఇల్లు వేశాడు. ఆ కొలతలకు తక్కువ కాకుండా ఇల్లు కట్టాలని, ఆపిల్ తోట నాటాలని అప్పటి కౌలు పత్రాల్లో షరతులుండేవి. 1810లో కొడుకు గోధుమ ధర బాగుండి పక్కనే రెండంతస్తుల రాతి భాగం కలిపాడు. 1880లో మనవడు రెండింటికీ కలిపి చెక్క పలకలు కొట్టి, ముందు వరండా దించాడు. బయటినుంచి చూస్తే 1880 నాటి ఇల్లు. వంటగది గోడ పలక ఊడదీస్తే 1760. దీని వయసెంత? మూడు జవాబులూ నిజమే. ఇలాంటి ఇంట్లో "పాత రూపానికి తిరిగి తేవాలి" అంటే ఏ రూపానికి అన్నది తేలని తగాదా.

తూర్పు ఎందుకు నిండింది? ఒక గొట్టం కథ

1960 తర్వాత లౌడన్ పెరగడానికి డల్లెస్ విమానాశ్రయమే కారణమని అందరూ అంటారు. నిజమే, 1962లో అది తెరుచుకుంది. కానీ అప్పుడు అక్కడి నుంచి ఎగిరేవాళ్ళు తక్కువ. విమానాలకన్నా ముందు మనుషుల్ని తెచ్చింది విమానాశ్రయం కోసం వేసిన మురుగునీటి గొట్టమని నా అభిప్రాయం.

లౌడన్ తూర్పు భాగం నేల బంకమట్టి, రాతి పొర. నీళ్ళు ఇంకవు. మురుగు కాలువ లేనిచోట ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు, దాని నుంచి వచ్చే నీరు ఇంకడానికి కొంత స్థలం ఉండాలి. నేల ఇంకించుకోకపోతే ఇల్లు కట్టడానికి అనుమతి రాదు. అలాంటి నేల మీదుగా డల్లెస్ మురుగును వాషింగ్టన్‌కు తీసుకెళ్ళే పెద్ద గొట్టం, పొటోమాక్ ఇంటర్‌సెప్టర్, పోయింది. దానికి కలుపుకోవడానికి వీలు దొరికాక పాల డెయిరీల భూములు ఒక్కసారిగా ప్లాట్ల భూములయ్యాయి. 1960ల మొదట్లో స్టెర్లింగ్ పార్క్ అనే కాలనీ వచ్చింది. తర్వాత వరసగా ఆష్‌బర్న్, సౌత్ రైడింగ్. 1968లో పాత రైలు మూతపడి, పట్టాల దారి ఇప్పుడు సైకిళ్ళు తొక్కే నడకదారి అయింది. 2022 నవంబరులో మెట్రో ఆష్‌బర్న్ చేరింది.

పడమట మురుగు గొట్టాలు వేయకూడదన్నది కౌంటీ విధానం. టౌన్లకు సొంత వ్యవస్థలున్నాయి గానీ మిగతా అంతా బావి, సెప్టిక్ ట్యాంకే. పటం మీద గీత ఎక్కడ గీశారో చూడనక్కర్లేదు. గొట్టం ఎక్కడ ఆగిందో చూస్తే తూర్పు, పడమర లౌడన్‌ల సరిహద్దు తెలిసిపోతుంది. బెల్మాంట్ గొట్టం ఉన్న వైపు పడింది. వాటర్‌ఫర్డ్ లేని వైపు పడింది.

రిజిస్టర్‌లో ఉంటే కూల్చకూడదా?

మొదట్లో అడిగిన ప్రశ్నకు సూటి జవాబు: చాలా సందర్భాల్లో కూల్చవచ్చు.

నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్ 1966 నాటి కేంద్ర చట్టంతో వచ్చిన జాబితా. అందులో ఉంటే గౌరవం, కొన్ని పన్ను మినహాయింపులు దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వ డబ్బుతో గానీ అనుమతితో గానీ నడిచే పని ఆ ఇంటికి నష్టం చేసేలా ఉంటే, ముందు సమీక్ష జరపాలి. సమీక్ష జరపాలన్నదే నియమం. పని ఆపాలని కాదు. యజమాని సొంత డబ్బుతో సొంత ఇంటిని పడగొట్టుకుంటే రిజిస్టర్ అడ్డుపడదు. వాటర్‌ఫర్డ్‌కు 1970లో, ఓట్‌లాండ్స్‌కు 1971లో దక్కిన నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ హోదా ఇంకా పై మెట్టు. పరువు ఎక్కువే, ప్రైవేటు యజమాని విషయంలో పట్టు మాత్రం దాదాపు అంతే.

నిజంగా పట్టున్నది స్థానిక చారిత్రక జిల్లాకు. వాటర్‌ఫర్డ్, ఆల్డీ, బ్లూమాంట్, గూస్ క్రీక్, ఓట్‌లాండ్స్, టేలర్స్‌టౌన్ లాంటివి కౌంటీ ప్రకటించినవి. లీస్‌బర్గ్‌కు తనది వేరే ఉంది. ఇక్కడ బయటి గోడ మార్చాలన్నా, కొత్త గది కలపాలన్నా సమీక్ష కమిటీ ఒప్పుకోవాలి. కూల్చివేతకు కాదని చెప్పే అధికారమూ ఉంది. అదీ శాశ్వతం కాదు. వర్జీనియా చట్టం ప్రకారం యజమాని ఆ ఇంటిని, దాని స్థలాన్ని, కాపాడతామని ముందుకొచ్చేవాళ్ళకు న్యాయమైన ధరకు అమ్మకానికి పెట్టాలి. ధరను బట్టి గడువు మూడు నెలల నుంచి ఏడాది. ఎవరూ కొనకపోతే కూల్చుకోవచ్చు. చట్టం అందరికీ ఒక అవకాశం ఇచ్చి చేతులు దులుపుకుంటుంది.

పైవన్నీ ఇంటి గురించే. చుట్టూ ఉన్న పొలానికి ఇవేవీ వర్తించవు. పొలాన్ని కట్టేసేది కన్జర్వేషన్ ఈజ్‌మెంట్. యజమాని భూమి తన దగ్గరే ఉంచుకుని, దాన్ని ప్లాట్లు చేసే హక్కును శాశ్వతంగా వదులుకుంటూ ఒక సంస్థకు రాసిచ్చే పత్రం అది. రాష్ట్రంలో 1966లో ఏర్పడిన వర్జీనియా అవుట్‌డోర్స్ ఫౌండేషన్ ఇలాంటివి తీసుకుంటుంది. తర్వాత కొన్న ప్రతి యజమానీ దానికి కట్టుబడాల్సిందే. వాటర్‌ఫర్డ్ ఇప్పటికీ ఊరులా కనిపించడానికి గుమ్మాల మీది పలకలకన్నా ఈ పత్రాలు, వాటర్‌ఫర్డ్ ఫౌండేషన్ కొన్న పొలాలు ఎక్కువ కారణం.

వంద ఎకరాల మీద ఒక లెక్క

విడివిడిగా చదివితే ఇవన్నీ గజిబిజి. ఒక పొలం మీద పెట్టి చూద్దాం. ఇది నేను కల్పించిన పొలం. పడమటి లౌడన్‌లో వంద ఎకరాలు, మధ్యలో 1810 నాటి రాతి ఇల్లు, నేషనల్ రిజిస్టర్‌లో ఉంది, స్థానిక చారిత్రక జిల్లా బయట ఉంది. జోన్ ఏఆర్-1, అంటే పల్లె, సేద్యపు భూముల జోన్. యజమాని చనిపోయాడు, ముగ్గురు పిల్లలు, ఎవరికీ సేద్యం మీద ఆసక్తి లేదు.

మామూలుగా విడదీస్తే ఏఆర్-1లో ఇరవై ఎకరాలకు ఒక ఇల్లు. అంటే ఐదు ప్లాట్లు, ఒక్కోటి ఇరవై ఎకరాలు. పాత ఇల్లు ఒకదానిలో ఉంటుంది. చుట్టూ నాలుగు పెద్ద భవంతులు, వాటి పచ్చిక కోసే యంత్రాల మోత.

రెండోది క్లస్టర్. ఇళ్ళన్నీ ఒక మూలకు చేర్చి, మిగతా పెద్ద ముక్కను ఖాళీగా ఉంచితే ఐదెకరాలకు ఒకటి చొప్పున ఇరవై ఇళ్ళ దాకా వీలుంది. పెద్ద ముక్క ఖాళీగా మిగిలినా ఇళ్ళు నాలుగింతలు. ఇరవై బావులు, ఇరవై సెప్టిక్ ట్యాంకులు, పొద్దున్నే ఇరుకు మట్టిరోడ్డు మీదికి నలభై కార్లు.

మూడోది ఈజ్‌మెంట్. పొలం ధర ముప్పై లక్షల డాలర్లు అనుకుందాం. విడదీసే హక్కు పోతే ఇరవై లక్షలు పలుకుతుంది. నష్టం పది లక్షలు. అందులో 40 శాతం, అంటే నాలుగు లక్షలు, రాష్ట్రం ఆదాయపు పన్నులో తగ్గిస్తుంది. అంత పన్ను కట్టే ఆదాయం లేకపోతే ఆ తగ్గింపును వేరేవాళ్ళకు అమ్ముకోవచ్చు కూడా. కేంద్ర పన్నులో లాభం వేరే. అయినా ముగ్గురు వారసుల్లో ఒకరికి అప్పులుంటే ఈ లెక్క కుదరదు.

నాలుగోది ఏమీ చేయకపోవడం. పొలాన్ని ఎవరికైనా గడ్డికి కౌలుకిస్తే, మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీదే ఆస్తి పన్ను పడుతుంది. తర్వాత ప్లాట్లు చేస్తే ఐదేళ్ళ పన్ను తేడా వడ్డీతో వెనక్కి కట్టాలి. చాలా పొలాలు ఏళ్ళ తరబడి ఈ స్థితిలోనే ఉంటాయి. బయటివాళ్ళకు అవి సురక్షితంగా కనిపిస్తాయి.

నాలుగు దారుల్లోనూ రిజిస్టర్ పలక చెప్పగలిగింది ఏమీ లేదు.

ఎవరి వాదన వారిది

పొలాలు ఉంచాలనేవాళ్ళ వాదన అందం గురించే అనుకోవద్దు. పడమట నలభైకి పైగా వైనరీలు, గుర్రాల వ్యాపారం, పర్యాటకం ఆ దృశ్యం మీదే బతుకుతున్నాయి. కొత్త ఇల్లు వస్తే బడి, రోడ్డు, ఫైర్ స్టేషన్ వస్తాయి. ఆ ఇల్లు కట్టే పన్ను ఆ ఖర్చుకు సరిపోదని వాళ్ళు లెక్క చూపిస్తారు. పొరుగున ప్రిన్స్ విలియం కౌంటీలో డిస్నీ సంస్థ థీమ్ పార్కు పెట్టబోతే, 1994లో దాన్ని వెనక్కి పంపడంలో ఈ ప్రాంతపు సంపన్న భూస్వాముల పాత్ర పెద్దది.

రైతు మాట వేరు. అతనికి పింఛను లేదు, భూమే పింఛను. నిన్నటిదాకా ముప్పై ప్లాట్లు పడే పొలంలో ఇక ఐదే అంటే, చేతిలో డబ్బు లాక్కున్నట్టే. 2003లో కౌంటీ పడమటి జోనింగ్‌ను బిగించినప్పుడు వందకు పైగా కేసులు పడ్డాయి. 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం సూత్రం కాదు, ప్రకటన ఇచ్చిన తీరులో లోపం. మరుసటి ఏడాది కౌంటీ సవరించిన నియమాలు తెచ్చింది.

మూడో గొంతు తక్కువగా వినిపిస్తుంది. ఇరవై ఎకరాలకు ఒక ఇల్లంటే అక్కడ ఉండగలిగేది ఎవరు? లౌడన్ బళ్ళలో పాఠాలు చెప్పే టీచర్లలో, అగ్నిమాపక సిబ్బందిలో ఎంతోమంది వేరే కౌంటీల నుంచి గంటకు పైగా ప్రయాణించి వస్తారు. ఒకప్పుడు ఎకరం స్థలంలో ఇల్లు కట్టుకున్న విలిస్‌విల్ లాంటి ఊళ్ళు కూడా ఇప్పటి నియమాల్లో కొత్తగా పుట్టలేవు. విలిస్‌విల్‌ను 2019లో రిజిస్టర్‌లో చేర్చారు. ఆ రిజిస్టర్ గౌరవించే రకం ఊరిని జోనింగ్ అనుమతించదు. ఈ వైరుధ్యానికి సమాధానం ఏ పక్షం దగ్గరా సరిగ్గా లేదు.

ఇక డేటా సెంటర్లు. అవి బడికి పిల్లల్ని పంపవు, పన్ను మాత్రం బాగా కడతాయి. ఆ డబ్బుతోనే ఇళ్ళ మీద పన్ను రేటు తగ్గుతోంది, పడమట ఇళ్ళు అక్కర్లేదనే స్తోమతా కౌంటీకి వచ్చింది. కానీ వాటికి కరెంటు లైన్లు కావాలి, లైన్లు ఎక్కడో ఒకచోట పొలాల మీదుగానే వెళ్ళాలి. 2025 మార్చిలో బోర్డు, కొన్ని జోన్లలో బహిరంగ విచారణ లేకుండానే డేటా సెంటర్ కట్టుకునే హక్కును తీసేసింది. అప్పటికే అనుమతులున్నవి ఇంకా లేస్తూనే ఉన్నాయి.

పడమట ఇప్పుడు నడుస్తున్న చర్చ మట్టి గురించి. సెప్టిక్ ట్యాంకు నీరు బాగా ఇంకే నేల, పంట బాగా పండే నేల చాలాచోట్ల ఒకటే. అందుకని క్లస్టర్ పద్ధతిలో ఇళ్ళు పొలంలోని మంచి మూలలో పడతాయి, ఖాళీగా మిగిలేది రాళ్ళూ చెమ్మా ఉన్న ముక్క. కాగితం మీద పొలం మిగిలినట్టే ఉంటుంది. అలా కాకుండా మంచి నేలను ముందు పక్కన పెట్టి, ఆ తర్వాతే ప్లాట్లు గీయాలని కొందరు అంటున్నారు. అలా చేస్తే చాలా పొలాల్లో ప్లాట్లే పడవని ఇంకొందరు అంటున్నారు. 1730లలో పెన్సిల్వేనియా నుంచి దిగి వచ్చిన క్వేకర్లు వెతుక్కుని మరీ ఇళ్ళు వేసుకున్నది కూడా ఆ నేల పక్కనే.